19 రూపాయల చానల్, 57 కోట్ల మ్యాచ్: స్టార్ స్పోర్ట్స్ కథలోని లెక్క

2019 ఫిబ్రవరిలో ప్రసార రంగ నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన కొత్త టారిఫ్ విధానం అమల్లోకి వచ్చినప్పుడు తెలుగు ఇళ్లలో మొదటిసారిగా ఒక్కో పే చానల్ ధర విడివిడిగా కంటికి కనిపించింది. స్టార్ స్పోర్ట్స్ 1 తెలుగు చానల్‌కు నెలకు 19 రూపాయలు, పన్ను అదనం. మూడేళ్లు తిరిగాక, 2022 జూన్‌లో, అదే చానళ్ల సముదాయం ఐపీఎల్ టీవీ ప్రసార హక్కులను అయిదు సీజన్లకు 23,575 కోట్ల రూపాయలకు దక్కించుకుంది. మ్యాచ్‌కు 57.5 కోట్లు. రెండు ఇన్నింగ్స్‌లూ కలిపి 240 బంతులు పడతాయనుకుంటే బంతికి దాదాపు 24 లక్షలు.

ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. నిబంధనల ప్రకారం 19 రూపాయల్లో కనీసం 20 శాతం కేబుల్ లేదా డీటీహెచ్ సంస్థకు పోతుంది. మరో 15 శాతం దాకా రాయితీ కూడా ఇవ్వవచ్చు. రాయితీ ఏమీ ఇవ్వలేదనుకున్నా చానల్ చేతికి వచ్చేది 15 రూపాయల 20 పైసలు. ఐపీఎల్ నడిచే రెండు నెలల చందాతో ఏడాదికి 4,715 కోట్ల హక్కుల సొమ్మును రాబట్టాలంటే 155 కోట్ల ఇళ్లు కావాలి. దేశ జనాభాయే అంత లేదు. పోనీ, పన్నెండు నెలలూ చందా కట్టే బుద్ధిమంతులే అందరూ అనుకుంటే 26 కోట్ల ఇళ్లు సరిపోతాయి. కానీ టీవీ వీక్షణను కొలిచే బార్క్ సంస్థ 2020 అంచనా ప్రకారం దేశంలో టీవీ ఉన్న ఇళ్లే 21 కోట్లు, అందులోనూ నెలనెలా డబ్బు కట్టనక్కరలేని దూరదర్శన్ డీటీహెచ్, ఫ్రీ డిష్ ఉన్న ఇళ్లు కోట్లలో ఉన్నాయి.

స్టార్ స్పోర్ట్స్ పేరుకు పే చానల్ అయినా కేవలం చందాతో బతకడం దానికి ఏనాడూ సాధ్యం కాలేదు. ఆ లోటును పూడ్చడానికి అది ఒకసారి ప్రకటనల మీద, ఒకసారి సీరియళ్ల మీద, ఒకసారి యజమాని ఓపిక మీద ఆధారపడింది. యజమానులు మారడం, పేర్లు మారడం, కోర్టు కేసులు, కబడ్డీ, తెలుగు వ్యాఖ్యానం, చివరికి ప్రత్యర్థితోనే విలీనం వంటి మలుపులన్నీ విడివిడిగా చదివితే గందరగోళంగా ఉంటాయి. ఈ లోటు కోణంలోంచి చూస్తే మాత్రం ఒకదాని వెనుక ఒకటి ఎందుకు వచ్చాయో తెలుస్తుంది.

డబ్బు ఎవరు ఎవరికి ఇవ్వాలి?

క్రికెట్ హక్కులకు వేల కోట్లు పలకడం చూసి పెరిగిన తరానికి ఒక విషయం నమ్మశక్యంగా ఉండదు: 1990ల మొదట్లో మ్యాచ్ చూపించినందుకు దూరదర్శనే నిర్వాహకుల దగ్గర డబ్బు అడిగేది. 1993 నవంబరులో బెంగాల్ క్రికెట్ సంఘం హీరో కప్ నిర్వహించినప్పుడు మ్యాచ్‌కు 5 లక్షల రూపాయలు తమకే చెల్లించాలని దూరదర్శన్ పట్టుబట్టింది. సంఘం మాత్రం హక్కులను ట్రాన్స్ వరల్డ్ ఇంటర్నేషనల్ అనే విదేశీ సంస్థకు అమ్మింది. దేశం నుంచి ఉపగ్రహానికి సంకేతాలు పంపే అధికారం ప్రభుత్వానికే ఉందని, 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టాన్ని చూపించి, ప్రభుత్వం అడ్డుపడింది, కస్టమ్స్ అధికారులు ప్రసార పరికరాలను ఆపేశారు, వివాదం కోర్టులకెక్కింది. ఫైనల్లో అనిల్ కుంబ్లే 12 పరుగులకు 6 వికెట్లు తీసిన సంగతి అభిమానులకు గుర్తుంటుంది గాని, ఆ టోర్నీ మిగిల్చిన అసలు వారసత్వం మైదానంలో లేదు, తీర్పులో ఉంది.

1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆ తీర్పు, వాయుతరంగాలు ప్రజల ఆస్తి అనీ, వాటి మీద ప్రభుత్వానికి గుత్తాధిపత్యం లేదనీ చెప్పింది. ధర్మాసనంలోని ముగ్గురిలో ఒకరు, ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసి వెళ్లిన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి, విడిగా రాసిన అభిప్రాయంలో, ప్రభుత్వ గుత్తాధిపత్యం కూడదన్నంత మాత్రాన ప్రైవేటు సంస్థలకు ప్రసార స్వేచ్ఛ తనంత తానుగా సంక్రమించదని కూడా హెచ్చరించారు. ఈ రెండో సగాన్ని తర్వాతి కాలంలో చాలామంది మరిచిపోయారు. ఏమైనా, క్రికెట్ బోర్డు దగ్గర అమ్మకానికి ఒక సరుకు ఉందనీ, దాన్ని ఎవరికైనా అమ్ముకోవచ్చనీ ఆ తీర్పుతో స్పష్టమైంది. సరుకు తేలింది కనుక కొనేవాళ్లు బయలుదేరారు.

రెండు సంస్థలు, ఒకే ఇల్లు

స్టార్ పుట్టిల్లు హాంకాంగ్. లీ కా-షింగ్ కుటుంబ సంస్థ 1991లో ఏసియాశాట్ ఉపగ్రహం మీద మొదలుపెట్టిన కొద్దిపాటి చానళ్లలో ప్రైమ్ స్పోర్ట్స్ ఒకటి. 1993లో మీడియా అధిపతి రూపర్ట్ మర్డాక్ స్టార్‌లో మెజారిటీ వాటా కొన్నాడు, 1995కల్లా మిగిలిందీ కొనేశాడు. ప్రైమ్ స్పోర్ట్స్ పేరు స్టార్ స్పోర్ట్స్ అయింది. అదే సమయంలో అమెరికా నుంచి ఈఎస్‌పీఎన్ కూడా ఇక్కడికి వచ్చి అదే ప్రేక్షకుడి కోసం, అవే హక్కుల కోసం పోటీ మొదలుపెట్టింది. ఇద్దరూ వేలంలో ఒకరి ధర ఒకరు పెంచుకోవడం తప్ప మిగిలేదేమీ లేదని త్వరలోనే అర్థమై, 1996లో చెరి సగం వాటాతో ఉమ్మడి సంస్థ పెట్టుకున్నారు. సింగపూర్ కేంద్రంగా నడిచిన ఆ సంస్థే ఈఎస్‌పీఎన్ స్టార్ స్పోర్ట్స్. ఈ ఎత్తుగడను గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే దాదాపు మూడు దశాబ్దాల తర్వాత ఇదే మళ్లీ జరిగింది.

ఈఎస్‌పీఎన్ అమెరికాలో నేర్చుకున్న వ్యాపార సూత్రం సులభమైనది. కేబుల్ కనెక్షన్ ఉన్న ప్రతి ఇంటి నుంచీ, ఆ ఇంట్లో ఆటలు చూసేవారున్నా లేకపోయినా, నెలకు కొన్ని డాలర్లు వసూలవుతాయి. ఆ ధారతో హక్కులు కొంటారు. ప్రకటనల ఆదాయం అదనపు లాభం. మన వీధుల్లో ఈ సూత్రం పనిచేయలేదు. అనలాగ్ కాలంలో కేబుల్ ఆపరేటర్ ఎన్ని ఇళ్లకు తీగ లాగాడో అతనికి తప్ప మరెవరికీ తెలియదు. వెయ్యి ఇళ్లకు కనెక్షన్లిచ్చి రెండు వందలే లెక్కలో చూపించినా పట్టుకునే సాధనం లేదు. చానల్ ఆపేస్తామని కంపెనీ బెదిరిస్తే, ఆపుకోండని ఆపరేటర్ అనేవాడు. పెద్ద మ్యాచ్ ముందురోజు దాకా సాగే ఆ బేరంలో ఇరుకున పడేది ప్రేక్షకుడే. దానికి తోడు, ప్రసార రంగం నియంత్రణ 2004లో ట్రాయ్ చేతికి వచ్చాక, కేబుల్ ధరలను 2003 డిసెంబరు 26 నాటి స్థాయికి కట్టేశారు. అంటే ఇళ్ల సంఖ్య చానల్‌కు తెలియదు, ధర పెంచుకునే స్వేచ్ఛ లేదు, హక్కుల వెల మాత్రం వేలంలో పెరుగుతుంది.

అప్పట్లో ఆ సముదాయానికి కలిసివచ్చిన అంశం విదేశీ పర్యటనలు. స్వదేశీ సిరీస్‌లు 1999 నుంచి అయిదేళ్లపాటు దూరదర్శన్ దగ్గర ఉండేవి. ఆస్ట్రేలియా వంటి దేశాల్లో జరిగే ఆట మాత్రం కేబుల్లోనే దొరికేది. హైదరాబాదీ వి.వి.ఎస్. లక్ష్మణ్ ఆటతోనే ఈ తేడా చెప్పవచ్చు: 2000 జనవరిలో సిడ్నీలో అతను చేసిన 167ను తెల్లవారుజామున చూసినవారు కేబుల్ ఉన్న ఇళ్లవారు, మరుసటి ఏడాది ఈడెన్ గార్డెన్స్‌లో చేసిన 281ని యాంటెన్నా ఉన్న ప్రతి ఇల్లూ చూసింది. హర్షా భోగ్లే, సునీల్ గవాస్కర్, రవిశాస్త్రి వంటి వ్యాఖ్యాతలు ఆ కేబుల్ ఇళ్లకు సుపరిచితులు కావడం ఈ కాలంలోనే. ఆంగ్ల వ్యాఖ్యానం, ఆంగ్ల చర్చ, పట్టణ ప్రేక్షకుడు: సముదాయం తన సరిహద్దును తానే అలా గీసుకుంది.

పదేళ్ల పాటు హక్కుల కుర్చీలాట

క్రీడా చానల్‌కు సొంత ఆస్తి ఏమీ ఉండదు. సినిమా తీసినవాడికి సినిమా మిగులుతుంది, సీరియల్ తీసినవాడికి సీరియల్ మిగులుతుంది. క్రీడా చానల్ చూపించేది అద్దెకు తెచ్చుకున్న ఆట. గడువు తీరిన మర్నాడు దాని దగ్గర మిగిలేది స్టూడియో, కెమెరాలు, పేరు. 2000 దశకం దీనికి నిలువెత్తు సాక్ష్యం. 2002లో దుబాయ్ కేంద్రంగా టెన్ స్పోర్ట్స్ వచ్చింది. 2003 ప్రపంచకప్ హక్కులు సోనీకి వెళ్లి, సినిమాల చానల్ సెట్ మ్యాక్స్‌లో క్రికెట్ కనిపించింది; మందిరా బేడీ నడిపిన కార్యక్రమం చూసి సంప్రదాయ విశ్లేషకులు ముఖం చిట్లించారు గాని, క్రికెట్ అంటే ఆసక్తి లేని ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టగలిగితేనే ప్రకటనలకు ధర వస్తుందని సోనీ ముందే గ్రహించింది. 2004లో బోర్డు హక్కుల కోసం జీ, ఈఎస్‌పీఎన్ స్టార్ మధ్య పోటీ కోర్టుకెక్కి, చివరికి టెండరే రద్దయింది. క్రికెట్ బోర్డు రాజ్యాంగం ప్రకారం ‘రాజ్యం’ (అంటే ప్రభుత్వ సంస్థ) కిందికి రాదన్న 2005 నాటి ప్రసిద్ధ తీర్పు ఈ గొడవలో పుట్టినదే. 2006లో నింబస్ సంస్థ స్వదేశీ హక్కులను నాలుగేళ్లకు 61.2 కోట్ల డాలర్లకు పాడుకొని, వాటి కోసమే నియో స్పోర్ట్స్ చానల్ పెట్టింది. 2008లో ఐపీఎల్ పుట్టినప్పుడు పదేళ్ల హక్కులు వంద కోట్ల డాలర్లు దాటిన ధరకు సోనీ, వరల్డ్ స్పోర్ట్ గ్రూపులకు దక్కాయి.

ఈఎస్‌పీఎన్ స్టార్ చేతిలో అప్పుడు మిగిలిన పెద్ద ఆస్తి 2007 నుంచి 2015 వరకు ఐసీసీ టోర్నీలు. ఐపీఎల్ చేజారిన బాధలో కాబోలు, 2008లోనే వివిధ దేశాల దేశవాళీ జట్ల టోర్నీ ఛాంపియన్స్ లీగ్ టీ20 కోసం పదేళ్లకు 90 కోట్ల డాలర్లకు పైగా ఒప్పుకుంది. ముంబయి దాడుల వల్ల మొదటి ఏడాది టోర్నీ జరగనేలేదు. 2009లో జరిగిన తొలి ఫైనల్ మన ఉప్పల్ స్టేడియంలోనే. న్యూ సౌత్ వేల్స్ జట్టు ట్రినిడాడ్ అండ్ టొబాగోను ఓడించింది. ఆ రెండు జట్ల మధ్య ఆటకు తెలుగు ప్రేక్షకుడు టీవీ ముందు ఎందుకు కూర్చోవాలి అన్న ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబు లేదు. పదేళ్ల ఒప్పందం సగం దారిలో, 2015లో, టోర్నీతో పాటే ముగిసింది. క్రికెట్ అని పేరు పెడితే చాలు, చూసేస్తారన్న నమ్మకానికి ఈ దేశంలో తగిలిన గట్టి దెబ్బ ఇది.

ఈ మధ్యలోనే ప్రభుత్వం తన వాటా అడిగింది. 2004 పాకిస్థాన్ పర్యటన సమయంలో టెన్ స్పోర్ట్స్ ప్రసారాన్ని దూరదర్శన్‌కు ఇవ్వాలా వద్దా అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా పోయింది. 2007 జనవరిలో వెస్టిండీస్ సిరీస్ మీద నింబస్‌తో మళ్లీ అదే తగాదా వచ్చేసరికి ప్రభుత్వం చట్టమే తెచ్చింది. జాతీయ ప్రాధాన్యం గలవిగా ప్రకటించిన ఆటల సంకేతాన్ని హక్కుదారు, దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతికి ఇచ్చి తీరాలి. టీవీ ప్రకటనల ఆదాయంలో హక్కుదారుకు తగ్గకుండా 75 శాతం, ప్రసార భారతికి 25 శాతం. భారత జట్టు ఆడే వన్డేలు, టీ20లు, ప్రపంచకప్ సెమీస్, ఫైనల్ ఈ జాబితాలోకి వచ్చాయి. ఐపీఎల్ రాలేదు.

ఈ చట్టంలోని చిక్కు చాలామందికి అనుభవమే గాని కారణం తెలియదు. దూరదర్శన్ చానళ్లను కేబుల్ ఆపరేటర్లు తప్పనిసరిగా చూపించాలి. దూరదర్శన్‌కు ఇచ్చిన మ్యాచ్ ఆ దారిలో కేబుల్ ఇళ్లకూ ఉచితంగా చేరితే, పే చానల్‌కు చందా ఎవరు కడతారు? స్టార్, ఈఎస్‌పీఎన్, బోర్డు వేసిన కేసులో 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు హక్కుదారుల వాదనను సమర్థించింది: పంచుకున్న సంకేతం దూరదర్శన్ సొంత భూతల ప్రసారానికీ, సొంత డీటీహెచ్‌కే పరిమితం. అందుకే మామూలు కేబుల్ ఇంట్లో దూరదర్శన్ పెడితే మ్యాచ్ కనిపించదు, పెరట్లో ఫ్రీ డిష్ బిగించుకున్న పొరుగింట్లో అదే మ్యాచ్ వస్తుంది. నెలనెలా డబ్బు కట్టేవాడు అదనంగా కట్టాలి, ఏమీ కట్టనివాడికి ఉచితం. న్యాయపరంగా తీర్పు సబబే కావచ్చు. చందాదారుకు మాత్రం ఇది ఎప్పటికీ విచిత్రంగానే ఉంటుంది.

2012: కాపురం విడిపోయాక

2011 డిసెంబరులో బోర్డు నింబస్ ఒప్పందాన్ని రద్దు చేసింది. 2012 ఏప్రిల్‌లో స్టార్ ఇండియా, ఈఎస్‌పీఎన్‌తో కలిసి కాకుండా తన సొంత పేరుతో, 2018 వరకు స్వదేశీ హక్కులను 3,851 కోట్లకు కొనుక్కుంది. ఉమ్మడి కాపురంలో ఉన్న ఒకరు విడిగా పొలం కొన్నట్టే. రెండు నెలలు తిరిగేసరికి ఈఎస్‌పీఎన్ వాటాను మర్డాక్ సంస్థ కొనేస్తున్నట్టు ప్రకటన వచ్చింది, నవంబరుకల్లా లావాదేవీ పూర్తయింది. మరుసటి ఏడాది నవంబరులో ఈఎస్‌పీఎన్, స్టార్ క్రికెట్ పేర్లు తెర మీద నుంచి తొలగి, స్టార్ స్పోర్ట్స్ 1, 2, 3, 4 అన్న అంకెలు వచ్చాయి. 2014 నుంచి 2017 వరకు భారత జట్టు చొక్కా మీద కూడా స్టార్ పేరే ఉంది.

ఇంత ధైర్యం ఎక్కడినుంచి వచ్చింది? ఒక కారణం డిజిటలీకరణ. 2012 అక్టోబరు చివర మహానగరాల్లో, 2013 మార్చి గడువుతో హైదరాబాద్, విశాఖపట్నం సహా 38 నగరాల్లో సెట్‌టాప్ బాక్స్ తప్పనిసరి అయింది. బాక్స్ ఉంటే ఇళ్ల సంఖ్య దాగదు. ఇక చందా డబ్బు పూర్తిగా చేతికి వస్తుందని పరిశ్రమ లెక్కలు వేసుకుంది. రెండో కారణం ఉదయ్ శంకర్. 2007 నుంచి స్టార్ ఇండియాను నడిపిన ఆయన, క్రీడా చానల్ ఆంగ్లం తెలిసిన పట్టణ పురుషుడి వ్యవహారంగా ఉన్నంత కాలం ఆ వేల కోట్లు తిరిగిరావని గుర్తించాడు. అక్కడి నుంచి సముదాయం చేసిన రెండు పనులు దాని చరిత్రలో అన్నిటికంటె ఆసక్తికరమైనవి.

మొదటిది కబడ్డీ. 2014 జులై 26న ముంబయిలో మొదలైన ప్రో కబడ్డీ లీగ్‌ను స్టార్ కేవలం చూపించలేదు. మరుసటి ఏడాది నిర్వాహక సంస్థ మషాల్ స్పోర్ట్స్‌లో 74 శాతం వాటా కొనేసింది. అద్దె ఇంట్లో ఉంటూ సొంత ఇల్లు కట్టుకునే ప్రయత్నమది. మన ఊళ్లలో మట్టి మీద, కూత ఆగేదాకా ఆడే చెడుగుడును టీవీకి తగ్గట్టు మలిచారు: మట్టి బదులు మ్యాట్, కూతకు 30 సెకన్ల గడియారం, వరుసగా రెండుసార్లు వట్టి చేతులతో వస్తే మూడోసారి పాయింటు తేవడమో ఔట్ కావడమో తప్పనిసరి. నలభై నిమిషాల ఆటలో నిమిషం కూడా ఖాళీ పోకుండా చూడటమే ఈ నియమాల ఉద్దేశం. తెలుగు టైటన్స్ జట్టు కప్పు గెలవకపోయినా, రాహుల్ చౌదరి అనే ఉత్తరాది కుర్రాడు తెలుగు ఇళ్లలో పేరు పెట్టి పిలిచే ఆటగాడయ్యాడు. క్రికెట్ తర్వాత అంతమంది చూసే లీగ్‌ను ఈ దేశంలో ఒక చానల్ దాదాపు శూన్యం నుంచి నిలబెట్టడం చిన్న సంగతి కాదు. అయితే క్రికెట్ హక్కుల ఖర్చు ముందు ఆ సొంత ఇంటి విలువ ఎంత? చాలా తక్కువ. కబడ్డీ స్టార్‌కు గౌరవం తెచ్చింది, ధైర్యం ఇచ్చింది. వేలంపాట నుంచి విముక్తి మాత్రం ఇవ్వలేదు.

రెండోది భాష. 2017 మేలో స్టార్ స్పోర్ట్స్ 1 తమిళ్, 2018 డిసెంబరులో తెలుగు చానల్ మొదలయ్యాయి. వేణుగోపాలరావు, తర్వాత ఎం.ఎస్.కె. ప్రసాద్ వంటి మాజీ ఆటగాళ్లు తెలుగులో ఆట చెప్పడం మొదలుపెట్టారు. మొదట్లో ఆ వ్యాఖ్యానం మీద పరిహాసాలు చాలా వచ్చాయి. పొగడ్తలు, సినిమా డైలాగులు ఎక్కువై ఆట తక్కువవుతుందన్న ఫిర్యాదు ఇప్పటికీ పూర్తిగా అన్యాయమేమీ కాదు. కాని ఆ చానల్‌కు లక్ష్యం ఆంగ్ల వ్యాఖ్యానం వినే పాత అభిమాని కాదు. మ్యాచ్ పెట్టినప్పుడు పక్క గదిలోకి వెళ్లిపోయే తల్లి, తండ్రి, అమ్మమ్మ. వ్యాపారపరంగా మరో ప్రయోజనం కూడా ఉంది. హైదరాబాదులో, విజయవాడలో మాత్రమే దుకాణాలున్న వ్యాపారి దేశమంతటికీ ప్రకటన కొనలేడు. తెలుగు చానల్‌లో కొనగలడు. కొత్త భాష అంటే చానల్‌కు కొత్త ప్రేక్షకులతో పాటు కొత్త ప్రకటనదారులు కూడా.

2019 టారిఫ్ విధానం వచ్చేసరికి ఈ పునాదులు ఉపయోగపడ్డాయి. ధర 19 రూపాయలు దాటితే ఆ చానల్‌ను బొకేలో, అంటే కలిపి అమ్మే చానళ్ల ప్యాక్‌లో, చేర్చకూడదన్నది నిబంధన. అందుకే 19. బొకే అంత ముఖ్యమా అంటే, మా టీవీని 2015లోనే స్టార్ కొనేసిన సంగతి గుర్తుచేసుకోవాలి. సీరియల్ కోసం ప్యాక్ తీసుకున్న ఇంటివారు క్రికెట్‌కూ, మ్యాచ్ కోసం తీసుకున్నవారు సీరియళ్లకూ తెలియకుండానే డబ్బు కడతారు. ఒక్కో చానల్‌ను విడిగా ఎంచుకునే స్వేచ్ఛ ఇవ్వడానికి వచ్చిన విధానం, ఆచరణలో ఎక్కువ ఇళ్లను ప్యాకుల దగ్గరికే చేర్చింది.

ఒక ఆట, రెండు తెరలు

2017 సెప్టెంబరు 4న జరిగిన ఐపీఎల్ వేలం చానల్ చరిత్రలో అతి తెలివైన ఎత్తు. టీవీకి సోనీ వేసిన బిడ్ 11,050 కోట్లు. స్టార్ టీవీకి విడిగా వేసింది అందులో సగానికి కాస్త ఎక్కువ మాత్రమే. భారత డిజిటల్ హక్కులకు ఫేస్‌బుక్ 3,900 కోట్లు వేసింది. విభాగాలవారీగా అత్యధిక బిడ్లన్నీ కూడితే 15,819.51 కోట్లు. స్టార్ అన్నిటికీ కలిపి ఒకే ధరగా వేసింది 16,347.50 కోట్లు. దాదాపు 528 కోట్ల తేడాతో ఏ విభాగంలోనూ ఇతరులకు గింజ దక్కకుండా మొత్తం తీసుకుపోయింది. 2018లో స్వదేశీ హక్కులనూ 6,138.1 కోట్లకు నిలబెట్టుకుంది. ఆ కొద్దికాలం స్వదేశీ సిరీస్‌లు, ఐసీసీ టోర్నీలు, ఐపీఎల్ అన్నీ ఒకే సముదాయంలో ఉన్నాయి. 2019 మార్చిలో మర్డాక్ సంస్థ ఫాక్స్ ఆస్తులతో పాటు స్టార్ కూడా డిస్నీ చేతికి వెళ్లింది. ఈఎస్‌పీఎన్ యజమాని కూడా డిస్నీయే కనుక, 2012లో అమ్ముకున్న వ్యాపారం మరింత పెద్దదై, అప్పులతో సహా, మళ్లీ ఆ ఇంటికే వచ్చినట్టయింది.

2017లో గెలిపించిన ఎత్తును 2022లో బోర్డు పనిచేయనివ్వలేదు. టీవీ, డిజిటల్ హక్కులకు విడివిడిగా వేలం పెట్టి, అన్నీ కలిపి బిడ్ వేసే వీలు తీసేసింది. టీవీ 23,575 కోట్లకు డిస్నీ స్టార్‌కు, డిజిటల్ రిలయన్స్‌కు చెందిన వయాకామ్18కు దక్కాయి. మొత్తం 48,390 కోట్లు. ఇక్కడ చూడవలసినది అంకెల పెద్దతనం కాదు. అదే బంతిని, అదే సమయంలో, ఇద్దరు ప్రత్యర్థులు చూపిస్తారు. ఒకరు దాన్ని ఉచితంగా ఇవ్వదలిస్తే రెండోవారు చందా ఎలా అడుగుతారు? 2023 ఐపీఎల్‌ను వయాకామ్18 యాప్ జియోసినిమా నిజంగానే ఉచితంగా ఇచ్చింది. డిస్నీ యాప్ హాట్‌స్టార్ చందాదారులు 2022 అక్టోబరులో 6.13 కోట్లు ఉండగా, 2024 మధ్యకు 3.55 కోట్లకు పడిపోయారు. 2023 ప్రపంచకప్‌ను హాట్‌స్టార్ కూడా మొబైల్‌లో ఉచితం చేయక తప్పలేదు. అహ్మదాబాద్ ఫైనల్‌ను ఒకే క్షణంలో 5.9 కోట్ల మంది చూశారన్న రికార్డు అలా వచ్చింది. రికార్డే గాని, అందులో చందా లేదు.

అదే 2023 ఆగస్టులో స్వదేశీ సిరీస్‌ల హక్కులు కూడా 5,963 కోట్లకు వయాకామ్18కు పోయాయి. 2024 నుంచి 2027 వరకు ఐసీసీ హక్కులకు స్టార్ భారీగా ఒప్పుకొని, బరువు తగ్గించుకోవడానికి టీవీ భాగాన్ని జీకి అప్పగించే ఒప్పందం చేసుకుంది. 2024 మొదట్లో జీ వెనక్కి తగ్గడంతో ఆ బరువు తిరిగి నెత్తిన పడి, తగాదా లండన్‌లోని మధ్యవర్తిత్వానికి చేరింది. వయాకామ్18 వెనుక ఉన్న పెట్టుబడిదారుల్లో ఒకరు ఎవరో తెలుసుకుంటే కథ ఇంకా రక్తి కడుతుంది: 2020 చివర స్టార్ నుంచి బయటికి వచ్చిన ఉదయ్ శంకరే, రూపర్ట్ కొడుకు జేమ్స్ మర్డాక్‌తో కలిసి. కోట కట్టినవాడికి దాని గోడ ఎక్కడ బలహీనమో తెలుస్తుంది.

తర్వాత జరిగింది 1996కు ప్రతిబింబం. ఒకరి ధర ఒకరు పెంచుకుని అలసిన ఇద్దరు, 2024 ఫిబ్రవరిలో విలీనం ప్రకటించారు. నవంబరు 14న జియోస్టార్ ఏర్పడింది. రిలయన్స్ వైపు 63.16 శాతం, డిస్నీకి 36.84 శాతం, వైస్ చైర్‌పర్సన్‌గా ఉదయ్ శంకర్. 2025 ఫిబ్రవరిలో రెండు యాప్‌లు కలిసి జియోహాట్‌స్టార్ అయ్యాయి, మార్చిలో వయాకామ్18 క్రీడా చానళ్ల స్పోర్ట్స్18 పేరు పోయి ఆ చానళ్లు స్టార్ స్పోర్ట్స్ గొడుగు కిందికి వచ్చాయి. మళ్లీ అన్ని పెద్ద క్రికెట్ హక్కులూ ఒకే చోట.

ఈ విలీనాన్ని పరిశీలించిన, మార్కెట్‌లో గుత్తాధిపత్యాన్ని అడ్డుకోవలసిన పోటీ కమిషన్ దేనికి జంకిందో చూస్తే, మొదట వేసిన లెక్క మరోసారి గుర్తొస్తుంది. క్రికెట్ విషయంలో ప్రేక్షకుడు కట్టే 19 రూపాయల కంటె, ప్రకటనదారు కట్టే ధర ఏమవుతుందన్నదే దానికి పెద్ద ఆందోళన. ఐపీఎల్, ఐసీసీ, బీసీసీఐ మ్యాచ్‌లలో టీవీ ప్రకటనలనూ డిజిటల్ ప్రకటనలనూ ముడిపెట్టి అమ్మబోమనీ, ప్రకటనల ధరలను అసమంజసంగా పెంచబోమనీ సంస్థలు హామీ ఇచ్చాకనే అనుమతి వచ్చింది. ఆ హామీల గడువు ఇప్పుడు చేతిలో ఉన్న హక్కుల గడువుతోనే తీరుతుంది. ఐపీఎల్ హక్కులు 2027 సీజన్‌తో ముగుస్తాయి. ఆ తర్వాతి వేలంలో, 2022లో ఎదురెదురుగా కూర్చుని ధరను 48,390 కోట్లకు చేర్చిన ఇద్దరూ ఒకే బల్లకు ఒకే వైపు కూర్చుంటారు.